ఇల్లు ఉందన్నవాళ్లు

టీ కొట్లు ఇంకా సరిగ్గా తెరవలేదు. శంషాబాద్ ఫ్లైఓవర్ కిందికి కాంట్రాక్టరు జీవన్ ట్యాంకరు వచ్చి ఆగింది. హారన్ కొట్టలేదు, ఎవరినీ లేపలేదు. వెనకున్న మనిషి లావుపాటి పైపు విప్పి నిద్రపోతున్న మనుషుల మీదికే నీళ్లు వదిలాడు. చాపలు కొట్టుకుపోయాయి. దుప్పట్లు మురికికాలువలో పడ్డాయి. పిల్లలు ఏడుస్తూ లేచారు. చంద్రమ్మ అనే ముసలావిడ తల కింద పెట్టుకున్న బియ్యం సంచి తడిసి ముద్దయింది. ఆమె ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని, ఎవరినీ తిట్టకుండా, పిండుతూ కూర్చుంది.

"లేవుర్రి, లేవుర్రి! పెద్దోళ్లు వస్తున్నరు ఈ రోడ్డు మీదికెల్లి. సాఫ్ చెయ్యాలె" అని అరిచాడు పైపు పట్టుకున్నవాడు.

సాఫ్! ఈ ఊళ్లో మనుషుల్ని కడిగి పారేయడానికి ఆ పేరు పెట్టారు. విమానం దిగి వచ్చే పెద్దవాళ్ల కంటికి పేదవాడు నలుసు. ఆ నలుసు తీయడానికి జీవన్‌కు కాంట్రాక్టు.

నేను ఆ రోడ్డు మీదే ఉన్నాను. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల హోటళ్లలో ఊడ్చి, తుడిచి, బట్టలు ఉతికే కార్మికుల సంఘంలో పనిచేస్తాను. షిఫ్టు దిగేవాళ్లను కలవడానికి పొద్దున్నే అక్కడికి వచ్చాను. చూసింది చూసినట్టే చెబుతాను. ఇద్దరి పక్షానా ఉండి తక్కెడ పట్టుకునే ఓపిక మాత్రం నాకు లేదు.

ట్యాంకరుకు అవతల నీలం టీషర్టుల్లో కొందరు కాలేజీ పిల్లలు నిలబడి ఉన్నారు. టీషర్టుల మీద 'ఇల్లు లేని మనిషి లేని నగరం' అని రాసి ఉంది. నివేశ అనే పరిశోధన సంస్థ పెట్టిన సమ్మర్ ఇంటర్న్‌షిప్ అట. నిలువ నీడ లేకపోవడాన్ని దేశంలోంచి ఎలా తరిమెయ్యాలో ఈ ఎండాకాలంలో కనిపెడతారట. ఉండేది ఏసీ హోటల్లో. బూట్లు తడవకుండా రెండడుగులు వెనక్కి జరిగి, ఒకడు వీడియో తీశాడు. ఇంకొకడు చేతిలో ట్యాబ్ మీద ఏదో నొక్కాడు. ఏం నొక్కాడో తర్వాత తెలిసింది. 'నీటి సదుపాయం: ఉంది.'

ఇంత రోత నేను ఏ కాంట్రాక్టరు దగ్గరా చూడలేదు. కాంట్రాక్టరు కనీసం తన బతుకుతెరువు దోపిడీ అని లోపల ఒప్పుకుంటాడు.

ఆ పిల్లల్లో ఒక్క అమ్మాయి మాత్రం ముందుకొచ్చి చంద్రమ్మ సంచి ఇంకో చివర పట్టుకుని పిండింది. పేరు జెరూషా. బడంగ్‌పేట్ పిల్ల, సిటీలో డిగ్రీ చదువుతోంది. మిగతావాళ్లు బయట రాష్ట్రాలవాళ్లు, తెలుగు రాదు. అందుకని ప్రశ్నలు అడిగే పని ఆమె మీద పడింది.

మర్నాటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి.

"అవ్వా, నీకు ఇల్లు ఉందా, లేదా?" అడిగింది జెరూషా.

చంద్రమ్మ అప్పుడే మూడు రాళ్ల పొయ్యి ముట్టించింది. ఎదురుగా వచ్చి కూర్చున్న పిల్లకు చాయ్ పెట్టాలని చూస్తోంది.

"ఉన్నది బిడ్డా. ఎందుకుండదు?"

"ఎక్కడవ్వా?"

"మా ఊర్ల. రావిర్యాల దాటినంక."

ప్లాట్లు అమ్మే వెంచర్ వాళ్లు ఆ ఇంటి గోడలు కూలగొట్టి, ఆ నేల మీద హద్దురాళ్లు పాతి ఏళ్లయింది. ఆ సంగతి చంద్రమ్మ చెప్పలేదు. ట్యాబ్‌లో ఆ ప్రశ్న కూడా లేదు.

యోనా తాపీమేస్త్రీ. అడ్డా మీద నిలబడి కూలికి పోతాడు, సాయంత్రం అదే ఫ్లైఓవర్ కింద నడుం వాలుస్తాడు. అతన్ని అడిగితే పైకి వేలు చూపించి నవ్వాడు. "ఉంది సిస్టర్. పైన దేవుడు కట్టి పెట్టిండు." పక్కన ట్యాబ్ పట్టుకున్న, భాష రాని కుర్రాడికి 'ఉంది' అన్న ఒక్క మాట మాత్రం పట్టుబడింది. 'ఇల్లు ఉంది, వేరే ప్రాంతంలో' అన్న గడి మీద వేలు నొక్కాడు. పరలోకం వేరే ప్రాంతమే కదా మరి!

నిర్మల ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది, మా సంఘం మనిషి. పగలంతా ఎవరో పడుకోబోయే తెల్ల దుప్పట్లకు ముడత లేకుండా ఇస్త్రీ చేసి, సాయంత్రం వచ్చి సిమెంటు మీద పడుకుంటుంది. ఆమె తల తిప్పుకుని "ఉంది, ఉంది. ఇగ పో" అంది.

అందరూ అంతే. ఒక్కరి నోటి నుంచీ లేదన్న మాట రాలేదు.

చదువుకున్నవాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. మన ఇళ్లలో ఉప్పు అయిపోతే 'నిండుకుంది' అంటాం, లేదనం. బయటికి పోయేవాడు 'వస్తా' అంటాడు, పోతాననడు. పొయ్యి మండుతుండగా, మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, లేదనే మాట నోట రాకూడదని తల్లులు నేర్పిన మర్యాద అది. చేతిలో చిల్లిగవ్వ లేనివాడే దాన్ని మరీ గట్టిగా పట్టుకుంటాడు, అతనికి మిగిలిన ఆస్తి అదే కాబట్టి.

జెరూషాకు ఇది తెలుసు. వాళ్ల నానమ్మ ప్రేమమ్మ ఇంట్లోనూ అదే పద్ధతి. ఆ రోజే వెళ్లి నివేశ డైరెక్టరు మాధవీలత గారికి చెప్పిందట. ఆవిడ కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. మాట మెత్తన.

"జెరూషా, మనం వాళ్ల నోటి వెంట విన్నదే రాయాలమ్మా. వాళ్ల గొంతును గౌరవించాలి. వాళ్లు ఉంది అంటుంటే మనం లేదు అని రాస్తే, అది మన అహంకారం అవుతుంది."

"మేడమ్, వాళ్లు రోడ్డు మీద పడుకున్నది మనం కళ్లతో చూసినం కదా."

"చూసింది మన అభిప్రాయం. వాళ్లు చెప్పింది డేటా. రెండూ కలపకూడదండీ."

గౌరవమట! పేదవాడు నోరు తెరిచి అడిగితే వీళ్లకు చెవులుండవు. అతను మర్యాదకు ఒక మాట అంటే మాత్రం అది వేదవాక్కు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. బస్టాండు పక్కన నీలి గేటు భవనం ఒకటి ఉంది. నిలువ నీడ లేనివాళ్లు పడుకోవడానికని సర్కారు సొమ్ముతో కట్టించారు. దాని గోడలకు ప్లాస్టరింగ్ చేసిందీ, ఆ గేటును గోడలో బిగించిందీ మన యోనాయే. కట్టిన నాటి నుంచీ తాళమే. ఎవరికి తెరవాలో నివేశ వాళ్ల లెక్క వచ్చాక తేలుస్తామని ఆఫీసర్లు చెబుతూ వచ్చారు. ఎండలకు ఎలాగో ఓర్చుకున్నారు కానీ, వాన పడితే ఫ్లైఓవర్ కింద మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. చంద్రమ్మకు అప్పటికే ఛాతీలో గురగుర మొదలై దవాఖానకు తిప్పుతున్నారు. వానల లోపు ఆ గేటు తెరుచుకోవడం ఒక్కటే వాళ్ల ఆశ.

జూన్‌లో మబ్బులు పట్టిన ఒక సాయంత్రం జెరూషా పరుగెత్తుకుంటూ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సున్నా వచ్చిందన్నా."

"ఏంది సున్నా?" అన్నాను.

"శంషాబాద్‌ల ఇల్లు లేనోళ్లు. సున్నా. రేపు హోటల్ల ఫంక్షన్ పెట్టి చెప్తరట. లోకంల మస్తు పేరొస్తదని మేడమ్ సంబురపడుతున్నది. ఇల్లు లేనోళ్లే లేనప్పుడు ఆ బిల్డింగ్ ఎందుకని, జీవన్‌కు గోదాముకు ఇస్తున్నరు."

ఫ్లైఓవర్ కింద అందరూ మూగారు. అడ్డా కూలీలు వచ్చారు. లాండ్రీ షిఫ్టు దిగిన ఆడవాళ్లు వచ్చారు. పహాడీ షరీఫ్ దర్గా దగ్గర అన్నం తిని ఇటు వచ్చి పడుకునేవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

నిర్మల జెరూషా మీద విరుచుకుపడింది. "నువ్వు బడంగ్‌పేట్ దానివే గద! నీకు తెల్వదా మేం ఎందుకు గట్ల అన్నమో?"

"తెలుసక్కా. చెప్పిన. ఇనలేదు."

"ఇనకుంటే ఊకున్నవు. నీకు సర్టిఫికెట్ వస్తది, మాకు వాన వస్తది."

"ఆ పిల్లను అంటవేంది?" అన్నాడు యోనా. "నా నోటితోని నేనే అన్న. పైన ఉందని ఇకిలించిన. నేను కట్టిన గోడల నడుమ జీవన్‌గాడు డబ్బాలు పెట్టుకుంటడా ఇగ?"

నేను గొంతు సవరించుకుని భూమి గురించీ, కిరాయిల గురించీ మీటింగుల్లో చెప్పే మాటలు ఎత్తుకున్నాను. నిర్మల చెయ్యి అడ్డం పెట్టింది. "అన్నా, ఉపన్యాసం తర్వాత. ఇప్పుడు ఏం చేద్దాం, అది చెప్పు."

"రేపు అందరం ఆ ఫంక్షన్‌కు పోదాం. నిలబడి మాకు ఇల్లు లేదని చెప్పుదాం" అన్నాను.

ఒకతను నేలకేసి చూశాడు. "నలుగుట్ల నిలబడి ఇల్లు లేదని చెప్పుకోవాల్నా? మా అత్తగారోళ్లకు తెలిస్తే ఇజ్జత్ పోతది" అన్నాడు.

చంద్రమ్మ దగ్గుతూ లేచింది. "నేను చెప్ప. మా అవ్వ చచ్చేటప్పుడు ఇంట్ల గింజ లేదు. అయినా వచ్చినోళ్లకు తిని పోర్రి అన్నది. నేను లేదంటే ఉన్న లచ్చిమి గూడ పోతది."

"ఏం లచ్చిమి అవ్వా?" అంది నిర్మల. "తడిసిన బియ్యమా? నీ దగ్గా? ఇంక పోయేదానికి ఏమున్నది మన తాన?"

"నోరు ముయ్యే! అడుక్కునేదాన్ని చేస్తవా నన్ను?"

"అడుక్కుంటలేం. మన కోసం కట్టినదే తెరువుమంటున్నం. ఇల్లు లేకుంట చేసినోనికి సిగ్గు లేదు. సిగ్గంతా మనం మోస్తున్నం, వాడు నిమ్మలంగ ఏసీల పండుకుంటుండు."

ఆ మాట మీద గొడవ చాలాసేపు నడిచింది. తిట్టుకున్నారు. ఇద్దరు కొట్టుకునేదాకా వెళ్లారు. లాండ్రీ ఆడవాళ్లు మాత్రం ముందే తేల్చుకున్నారు. ఆ ఫంక్షన్ వాళ్ల హోటల్లోనే. పనివాళ్లు వచ్చే వెనక తలుపు వాళ్ల చేతిలో ఉంటుంది. చివరికి యోనా లేచి "నేను పోతున్న. వచ్చేటోళ్లు రార్రి" అన్నాడు. చేతులు ఒక్కొక్కటే లేచాయి. చంద్రమ్మ చెయ్యి ఎత్తలేదు.

అయినా ఆమె రావలసే వచ్చింది. ఫోటో కోసం నివేశ వాళ్లే ఆమెను పిలిచారు. ముసలమ్మకు వేదిక మీద రగ్గు కప్పుతారట. ఎండాకాలమంతా పరిశోధన చేసి వాళ్లు కనిపెట్టిన మందు ఒక రగ్గు!

నేను పనివాళ్ల తలుపులోంచి ముందే దూరి, ముందు వరసల పక్కన నిలబడ్డాను. హాలు చల్లగా వణికించేలా ఉంది. ఆఫీసర్లు, విదేశీ అతిథులు, ముందు వరసలో సూటు వేసుకుని జీవన్. గోడంత తెర మీద పెద్ద సున్నా. దాని చుట్టూ పూలు గీశారు. మాధవీలత గారు మైకు ముందు నిలబడి, ఈ సున్నా వెనక ఎంత ప్రేమ ఉందో చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. చప్పట్లు మోగాయి. చంద్రమ్మను వేదిక మీదికి తీసుకెళ్లి భుజాల మీద రగ్గు కప్పారు.

"మన చంద్రమ్మగారు. వీరికి సొంత ఊళ్లో సొంత ఇల్లు ఉంది. చెప్పండమ్మా, ఉంది కదా?"

వెనక తలుపు తెరుచుకుంది. లాండ్రీ ఆడవాళ్లు తలుపు రెక్కలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల మధ్యలోంచి ఫ్లైఓవర్ కింది జనం లోపలికి వచ్చారు. పాత చెప్పులు, సిమెంటు అంటిన పాంట్లు, చంకలో పిల్లలు. తివాచీ మీద మట్టి పడింది. సెక్యూరిటీవాళ్లు కదిలేలోపే నిర్మల గొంతెత్తింది.

"నాకు ఇల్లు లేదు. ఈ హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసేది నేనే."

"నాకు ఇల్లు లేదు" అన్నాడు యోనా. "పైన ఉంటే ఉండనీ. కింద లేదు."

ఆ తర్వాత ఎవరి మాట ఎవరిదో తెలియలేదు. నాకు లేదు, మాకు లేదు అని హాలంతా నిండిపోయింది. మాధవీలత గారు మైకును చేత్తో మూసి, "మీరే కదండీ ఉంది అన్నారు? అబద్ధం చెప్పారా మాతో?" అన్నారు. వేదిక పక్కనున్న జెరూషా పైకెక్కి ఆ మైకు లాక్కుంది. దాన్ని చంద్రమ్మ నోటి దగ్గర పెట్టింది.

చంద్రమ్మ భుజాల మీది రగ్గు తీసి, మడతపెట్టి, మాధవీలత గారి చేతిలో పెట్టింది.

"అబద్ధం ఎందుకు చెప్త? పొయ్యి ముంగట కూసున్న పిల్లకు చుట్టమని మర్యాద చేసిన. నా మర్యాద తీస్కపోయి అమ్ముకున్నరు మీరు." ఆమెకు దగ్గు వచ్చింది, ఆగి మళ్లీ అంది. "అయితే ఇను. లేదు. నాకు ఇల్లు లేదు. మీ పెద్దోళ్లే కూలగొట్టిన్రు."

విదేశీ అతిథి పక్కవాడిని, ఆవిడ ఏమంటోందని అడిగాడు. పక్కవాడు, సంస్థకు కృతజ్ఞతలు చెబుతోందన్నాడు. నా చెవులతో విన్నాను. ఉమ్మేయాలనిపించింది.

సెక్యూరిటీవాళ్లు జెరూషాతో సహా మమ్మల్ని తోసుకుంటూ బయటికి గెంటారు. బయట వాన పడుతోంది. ఫ్లైఓవర్ కింద నీళ్లు నిలిచిపోయి ఉంటాయని అందరికీ తెలుసు. ఎక్కడికి పోవాలని ఎవరూ అడగలేదు. నడక దానంతటదే బస్టాండు వైపు తిరిగింది. యోనా అడ్డాలో పరిచయమున్న మేస్త్రీ దగ్గర గడ్డపార తీసుకున్నాడు. తాళం జోలికి పోలేదు. తాను పాతిన చోటే గేటు ఇనుప పట్టీలు ఊడబెరికాడు. నీలి గేటు తాళంతో సహా ఒక పక్కకు వాలిపోయింది. పిల్లలు ముందు పరిగెత్తారు. గదులు దుమ్ముతో ఉన్నాయి, కానీ పైకప్పు ఉంది. పొయ్యి వెలిగింది.

పోలీసులు పొద్దున్నే వచ్చారు. జీవన్ ఫిర్యాదు చేశాడు. గేటు దగ్గర నిలబడ్డ యోనాను, నిర్మలను, జెరూషాను లాక్కెళ్లి వ్యానెక్కించారు. లోపలివాళ్లు తలుపులకు అడ్డంగా కూర్చున్నారు. ఇంకా బలగం తెచ్చి ఖాళీ చేయిస్తామని చెప్పి పోలీసులు అప్పటికి వెళ్లిపోయారు.

మేం పోలీస్ స్టేషన్‌కు పోయాం. అడ్డా ఆ రోజు ఖాళీ, ఒక్క కూలీ పనికి ఎక్కలేదు. లాండ్రీ ఆగింది. జెరూషా కాలేజీ పిల్లలు వచ్చారు. నీలం టీషర్టులవాళ్లు ఇద్దరు టీషర్టులు తిరగేసుకుని వచ్చి చివర నిలబడ్డారు. జెరూషా నాన్న డేవిడ్ రాజు ఆటోలో వచ్చి జమానత్ ఇచ్చి బిడ్డను విడిపించాడు. ఆమె బయటికి వచ్చి గడప మీదే కూర్చుంది. "వాళ్లను ఇడిచేదాంక నేను రాను డాడీ" అంది.

"మిగతా ఇద్దరికీ జమానత్ ఇస్తాం" అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో.

"కుదరదు" అన్నాడతను విసుగ్గా. "ఆ పిల్లకు ఇల్లుంది, తల్లిదండ్రులున్నరు. వీళ్లిద్దరికీ స్థిరనివాసం లేదు. ఇల్లూ వాకిలీ లేనోళ్లను ఇడిస్తే యాడికి పోతరో ఎవనికి తెలుసు? రిమాండే."

లాకప్‌లోంచి నిర్మల నవ్వు వినిపించింది. అది నవ్వేనో ఏడుపో చెప్పలేను. నిన్న గేటు తెరవమంటే, మీకందరికీ ఇళ్లున్నాయి పొమ్మంది సర్కారు. ఇవాళ జైల్లో పెట్టాలంటే ఇల్లు లేదని అదే సర్కారు. ఏ పూట ఎలా కావాలంటే పేదవాడి ఇల్లు ఆ పూట అలా లేస్తుంది, కూలుతుంది. ఇంతకన్నా నీచం ఇంకేముంటుంది?

"సార్, ఆ మాటే రాయుర్రి" అని లోపలినుంచి అరిచాడు యోనా. "స్థిరనివాసం లేదని మంచిగ రాసి సంతకం పెట్టుర్రి. మాకు పనికొస్తది."

ఇన్‌స్పెక్టర్ ముఖం నల్లబడింది. "బయటికి నడువుర్రి అందరు!" అని లాఠీ బల్ల మీద కొట్టాడు.

చంద్రమ్మ కదల్లేదు. "నేనిస్త జమానత్" అంది.

"నీకే దిక్కు లేదు, నువ్వేం ఇస్తవ్ ముసల్దానా? నీ ఇల్లెక్కడ?"

"బస్టాండు పక్కన. నీలి గేటు లోపల."

"ఎవరిచ్చిన్రు నీకది?"

"ఎవరు ఇయ్యలే. మేమే తీస్కున్నం. పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చిన, పిల్లలు ఆకలికున్నరు. వీళ్లను ఇడిస్తవా, ఇడ్వవా? ఇడ్వకుంటే అందరం ఈడికే వచ్చి తింటం. రేపు గూడ వస్తం. ఎల్లుండి గూడ."

ఆమె వెనక్కి తిరిగింది. అడ్డా కూలీలు తిరిగారు, లాండ్రీ ఆడవాళ్లు తిరిగారు. జెరూషా గడప మీదే ఉండిపోయింది, కాలేజీ పిల్లలు ఆమె పక్కన బైఠాయించారు. మేం వానలో నీలి గేటు వైపు నడిచాం. బస్టాండు మలుపు దగ్గర బలగంతో వచ్చిన పోలీసు వ్యాన్లు అప్పటికే బారులు తీరి ఉన్నాయి. చంద్రమ్మ వాటిని చూసింది. చీర కొంగు నడుముకు బిగించి, ఆగకుండా, వ్యాన్ల మధ్యలోంచి ముందుకు పోయింది. మేమందరం ఆమె వెంట పోయాం.